ఆ పిల్లతో నేను గెలిచిన వాదన

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నా. మోస్తున్నానని అనడం కూడా గొప్పలకే. బరువుంటే మనిషి వంగాలి గదా, నేను వంగలేదు. కూరగాయల బండి దగ్గర, స్టాఫ్ రూంలో, మా ఆయనతో, ఎప్పటిలాగే పోట్లాడుతూ తిరిగా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నా. మధ్యలో ‘పోనీలే అమ్మా’ అనకండి.

ముందే ఒక మాట. ఆ పిల్ల బతికే ఉంది. అది తెలిశాకే మిగతాది వినండి. లేకపోతే మీరు ఆ పిల్ల గురించే భయపడతారు, నా సంగతి తప్పించుకుపోద్ది.

నేను సైకాలజీలో ఎమ్మే. నరసరావుపేటలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతా. ఆ ఏడు ఒక యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. ఇంటర్ పిల్లల్లో చచ్చిపోవాలన్న ఆలోచన ఎవరికుందో ముందే పట్టుకునే ప్రశ్నల కాగితం ఒకటి తెలుగులో తయారుచేశారు. అది పనిచేస్తదో లేదో తేల్చాలి. పిల్లలు ముందు కాగితం మీద టిక్కులు పెడతారు. తర్వాత నాలాంటి వాళ్ళు ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, ఆ కాగితం చూడకుండా, నిదానంగా మాట్లాడాలి. రెండూ కలిస్తే కాగితాన్ని నమ్మొచ్చు. వాళ్ళ పెద్ద మేడం ట్రైనింగులో ఒకటే చెప్పింది: అడగండి, వినండి, సర్దిచెప్పకండి. అవునంటే పిల్లను ఒంటరిగా వదలకుండా వెంటనే నాకు ఫోన్ చేయండి.

లోపల నవ్వుకున్నా. సర్దిచెప్పకపోతే ఇక నేనెందుకు?

ఆ పిల్లది కారంపూడి వైపు. తండ్రి క్వారీ లారీ డ్రైవరు. మా కాలేజీ హాస్టల్లోనే ఉండి బైపీసీ చదివేది. కెమిస్ట్రీ ల్యాబులో స్టూళ్ళ మీద ఎదురెదురుగా కూర్చున్నాం. చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా అని అడిగా.

“అనిపిస్తది మేడం. చానాసార్లు.”

“ఎందుకే? ఏం తక్కువైంది నీకు?”

“ఏమో మేడం. పొద్దున లేవంగానే, మళ్ళీ లేచానే అనిపిస్తది.”

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

“మార్కులు తగ్గాయా?”

“తగ్గినయ్.”

“మార్కులు తగ్గినోళ్ళంతా చస్తే మన ప్రిన్సిపాలు కూడా మిగలడు గదే!”

నవ్వింది. అది నవ్వేసరికి నాకు హుషారొచ్చింది.

“మీ నాయన ఆ దుమ్ములో లారీ తోలి ఫీజు కడుతుంటే నువ్విట్టా అనొచ్చా? సమాధానం చెప్పు.”

“అనగూడదు మేడం.”

“మరి నిజంగా చావాలనుందా, విసుగొచ్చి అన్నావా?”

నా మొహంలోకి చూసింది. “విసుగే మేడం. లేదనే రాసుకోండి.”

రాసుకున్నా.

అలిసిపోయి అట్టా అన్నదని నాకు తెలియలేదా? తెలిసింది. బెల్లు ఎప్పుడు కొడతారా అని చూసే పిల్లల చూపు నాకు ఏళ్ళ తరబడి తెలుసు, ఆ చూపే అది. మరి ఫోన్ ఎందుకు చేయలేదు? ప్రిన్సిపాల్ మూతి ముడుస్తాడనా? ఆయనంటే నాకెప్పుడూ లెక్కలేదు. వాదన గెలిచానన్న సంతోషం, అంతే. ఇంతకన్నా మర్యాదైన కారణం ఒకటి ఉంటుందేమోనని ఇన్నేళ్ళూ వెతికా. దొరకలేదు.

నెల తిరక్కముందే ఆ పిల్లను గుంటూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. కాలేజీ వాళ్ళు పచ్చకామెర్లని చెప్పారు. టీసీ కోసం వచ్చిన వాళ్ళమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి అసలు సంగతి చెప్పింది. మీతో మాట్లాడిందంట గదమ్మా, అప్పుడేమన్నా అందా అని అడిగింది. ఏమీ అన్లేదమ్మా, నవ్వుతూనే ఉంది అన్నా. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, నాకే దణ్ణం పెట్టి పోయింది.

ఇంకా ఉంది. ఆ తర్వాత, టిక్కుల్నీ మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసే మీటింగు. కాగితంలో అవునని, మాటల్లో లేదని వచ్చిన పిల్లలు నా వంతులోనే ఎక్కువ తేలారు. ఎందుకని మేడం అడిగింది. అప్పటికి నాకన్నీ తెలుసు. అయినా గొంతు పెంచా. మా పల్నాడు పిల్లల సంగతి మీకేం తెలుసండీ, కాగితమిస్తే పెద్దపెద్ద మాటలు రాస్తారు, మనిషెదురుగా కూర్చుంటేనే నిజం చెబుతారు అన్నా. ఊరి మనిషిని గదా, నమ్మారు. ఇన్ని మార్కులు దాటితేనే ప్రమాదం అనే గీత ఒకటుంటది. దాన్ని పైకి జరిపారు.

ఇప్పుడా కాగితం కాలేజీల్లో వాడుతున్నారు. మొన్న మా దగ్గరా పంచారు. ఒక పిల్ల గీతకు కాస్త కింద ఆగింది. ఏమీ లేదు, క్లాసుకు పో అనాలి. అనలేకపోయా. కూర్చోబెట్టి, నోరు మూసుకుని విన్నా. ఆ మాటలు ఇక్కడ రాయను, అవి ఆ పిల్లవి. వెంటబెట్టుకుని కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్ళా. దాన్ని నా ఖాతాలో పుణ్యంగా వేయకండి.

ఆ సాయంత్రం మేడంకి ఫోన్ చేసి అంతా చెప్పా. తిడుతుందనుకున్నా, తిడితే జవాబులు చెప్పుకోవచ్చు. తిట్టలేదు. ఒకటే అడిగింది: “మిగతా పిల్లల్లో ఎంతమందిని ఇలా ఒప్పించారు?”

ఆ పిల్ల ఒక్కతే నాకు గుర్తుంది, ఏమైందో తెలిసింది గనక. మిగతావాళ్ళ మొహాలు కూడా గుర్తులేవు. వాళ్ళతోనూ నేనే గెలిచి ఉంటా.

“తెలియదండీ,” అన్నా.

వాదించకుండా ఆ ఒక్క మాట అన్నాక ఊపిరాడింది. అందుక్కూడా సిగ్గేసింది.