మంచం మీద పెట్టిన చీటీ

మా బావ, అంటే మా అక్క భర్త, ఎవరికి ఏం చెప్పినా చివర్లో "ఇన్నావా? ఓపాలి మల్లీ చెప్పు" అనేవాడు. టాటానగర్ పక్కనున్న గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర అతనిది కాపలా పని. లారీ డ్రైవర్ల చేత కూడా లోడింగు టైము తిరిగి చెప్పించుకునేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకూ విసుగ్గానే ఉండేది.

అంతకుముందు బావ ఒక విహారనౌకలో గదులు సర్దేవాడు. ఓడ తూర్పుకు సాగుతున్నప్పుడు కొన్ని రాత్రులు గడియారాలను గంట ముందుకు జరుపుకోవాలి. ఆ సంగతి అచ్చువేసిన చీటీని సాయంత్రమే ప్రతి గదిలో మంచం మీద పెట్టడం అతని పని. ఒకసారి ఒక ప్రయాణికుడు గడియారం మార్చుకోలేదు. మర్నాడు రేవులో ఊరు చూపించే బస్సు అతన్ని వదిలేసి వెళ్ళిపోయింది. తన గదిలో చీటీయే పెట్టలేదని ఫిర్యాదు చేశాడు. బావ ఎంత చెప్పినా పైవాళ్ళు వినలేదు. తర్వాతి రేవులో దింపి ఇంటికి పంపేశారు.

టాటానగర్ స్టేషన్‌కు నేనే ఎదురెళ్ళాను. టీ తాగుతూ అంతా చెప్పాడు.

"నిజం చెప్పు బావా, చీటీ పెట్టినావా, మర్సిపోయినావా?" అన్నాను.

అతను గ్లాసు కింద పెట్టేశాడు. "నువ్వు కూడానేటిరా?" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ నా దగ్గర ఓడ మాట ఎత్తలేదు.

పోయిన ఏడాది బావ చనిపోయాడు. పరామర్శకు వచ్చిన చుట్టాలతో, ఓడలో ఒక్కరూ అతని మాట నమ్మలేదని నేను కోపంగా చెబుతున్నాను.

"నువ్వు నమ్మినావేటి?" అంది అక్క.