నా నోట పడిన ఎర్ర కారు

కొండ మీది దుర్గమ్మ సాక్షిగా, నాకు అన్నం పెట్టే షాపు సాక్షిగా, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. ఆటోనగర్‌లో టీ కొట్టు వైపు నేను నడిచొస్తుంటే, కథ మొదలవబోతోందని బెంచీ మీద చోటు చేసిపెట్టేవాళ్ళున్నారు. కృష్ణకు వరదొచ్చినప్పుడు ఒక లారీ ఇంజను నీళ్ళ అడుగున కూడా ఆగకుండా ఆడిందని నేనొకసారి చెప్పాను. అది అబద్ధం. ఇది కాదు.

దయ్యాలు, దిష్టి, చేతబడి లాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. షాపు గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టిస్తాను, నిజమే. అవి లేకపోతే కొనేవాళ్ళు లోపలికి రావడానికి జంకుతారు. నాది పాత కార్ల విడిభాగాల వ్యాపారం. బండి ఆగిందంటే కారణం ఉండి తీరుతుంది. నిప్పురవ్వ అందకపోవాలి, లేదా పెట్రోలు, లేదా గాలి. ఇవన్నీ అందుతూ కూడా మొరాయించిన ఇంజనును నేను చూడలేదు, ఆ ఎర్ర కారు ఎదురయ్యేదాకా.

దాని కంపెనీ పేరు చెప్పను. వాళ్ళకి దీంతో సంబంధం లేదు. రెండే తలుపులు, నేలకి అతుక్కున్నట్టుండే ఒళ్ళు, ముందుకు దూకబోయే పిల్లిలా వంగిన ముక్కు. కుర్రకారు కోసం చేసిన బండి. గవర్నరుపేటలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర ఉండేది. వయసు మీద పడినా దాని గొంతు మారలేదు. బందరు రోడ్డు మీద అది వెళ్తుంటే, కళ్ళు మూసుకుని ఉన్నా అదేనని చెప్పగలిగేవాణ్ణి. ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నాను, ఆయన ఎప్పుడు అమ్ముతారా అని.

అమ్ముతున్నారని తెలిసిన రోజు, తోడుగా ఉంటాడని మా తోడల్లుణ్ణి వెంట తీసుకెళ్ళాను. నా జీవితంలో అంతకన్నా పెద్ద పొరపాటు లేదు. తోడల్లుడి పేరు శ్రీధర్, మా ఆవిడ వసంత చెల్లెలు సుజాత భర్త. కంకిపాడులో విత్తనాల వ్యాపారం. కారంటే నాలుగు చక్రాలుంటాయని మాత్రమే తెలిసిన మనిషి.

మా ఆటోనగర్‌లో పాత బండి కొనేటప్పుడు ఒక పద్ధతుంది. ముందు దాన్ని తిట్టాలి. లేని రోగాలన్నీ అంటగట్టాలి. అమ్మేవాడు కాసేపు వాదించి మెత్తబడతాడు, అప్పుడు బేరం మొదలవుతుంది. ఇందులో నన్ను మించినవాడు లేడు. డాక్టరుగారి ముందు బానెట్ ఎత్తి, చెవి పెట్టి, పెదవి విరిచాను. గేరుబాక్సు మూలుగుతోందన్నాను. ఛాసిస్ ఒక పక్కకి ఒరిగిందన్నాను. పొగ రంగు చూసి నిట్టూర్చాను. ఒక్కటీ నిజం కాదు. బండి బంగారంలా ఉంది.

శ్రీధర్ ఈలోగా చుట్టూ తిరిగి, డోరు మీద అరచేయి పెట్టి, "ఎంత బాగా చూసుకున్నారండీ డాక్టరుగారూ, ఇంట్లో మనిషిలా ఉంది," అన్నాడు.

డాక్టరుగారు నా వైపు తిరిగి, "పెళ్ళిచూపులకొచ్చి పిల్లకి మెల్లకన్ను, అవిటికాలు అని వంకలు పెట్టేవాడికి పిల్లనిస్తామా అండీ?" అన్నారు. ధర శ్రీధర్‌కే చెప్పి, వాడు సరేననగానే తాళాలు వాడి చేతిలో పెట్టారు.

అంతే. నేను చూపించిన కారు, నేను ఎక్కించి తీసుకెళ్ళిన మనిషికి దక్కింది. తిరుగుప్రయాణంలో వాడు దాన్ని నడుపుతూ ముందు, నేను నా పాత డబ్బా కారులో వెనక. మలుపుల్లో అది అలా ఒదిగి తిరుగుతుంటే, చూస్తూ నా బండికి గేరు మార్చడం మర్చిపోయాను.

ఆ తర్వాతి ఆదివారం మా ఇంటికి దానిలో వచ్చాడు. "అన్నయ్యా, ఒకసారి విని చెప్పు, ఎలా ఉందో," అన్నాడు. విన్నాను. తంబూరా మీటినట్టుంది ఇంజను. నాకు పుండు మీద కారం చల్లినట్టయి, "టైమింగ్ చైన్ వదులైంది తమ్ముడూ, గలగలమంటోంది," అన్నాను. వాడికి అలాంటి చప్పుడేదీ వినపడలేదు. వినపడదు కూడా, అది లేదు కాబట్టి. నా లెక్క ఒక్కటే: నాలుగుసార్లు భయపెడితే విసుగెత్తి నాకే ఇచ్చేస్తాడు.

మర్నాడు ఫోను చేశాడు. "నువ్వన్నట్టే గలగలమంటోంది అన్నయ్యా!" వెళ్ళి చూశాను. నిజంగానే చైన్ వదులైంది. వయసైన బండి, నా చెవి నాకు తెలియకుండానే పసిగట్టి ఉంటుందనుకుని, కొంచెం గర్వపడ్డాను కూడా.

చైన్ మార్చి పంపిస్తూ, వాడి ముఖంలో సంతోషం చూడలేక, "ఇంజను చల్లబడ్డానికి నీళ్ళు వదిలే థర్మోస్టాట్ మీద ఓ కన్నేసి ఉంచు, బిగుసుకుపోతుంది," అని ఇంకోటి వదిలాను. పెనమలూరు దాటకముందే ఇంజను వేడెక్కి ఆవిరి కక్కింది. విప్పి చూస్తే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయింది. మూడోసారి అద్దాల గురించి అన్నాను, వానలో మోసం చేస్తాయని. మొదటి వానకే, సుజాత పక్కన కూర్చుని ఉండగా, ఆవిడ వైపు అద్దం తలుపులోకి జారిపోయింది. ఒంటి మీద మంగళగిరి పట్టుచీర, అదే మొదటిసారి కట్టడం.

అక్కడితో ఆడవాళ్ళు రంగంలోకి దిగారు.

"బావగారూ, ఒకసారి నాలుక చాపండి," అంది సుజాత మా ఇంటికొచ్చి.

"ఎందుకూ?"

"మచ్చేమైనా ఉందేమో చూస్తాను. మచ్చ నాలుక వాళ్ళు అన్నది జరుగుతుందంటారు."

చాపాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ వెలుతురులోకి తిప్పి మరీ చూశారు. మచ్చ లేదు. "లోపలెక్కడో ఉండి ఉంటుందే," అంది మా ఆవిడ. ముప్ఫయ్యేళ్ళ కాపురం చేసిన మనిషి!

తర్వాత కారుకి దిష్టి తీశారు. మామూలుగా ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తే ఘాటుకి వీధంతా దగ్గాలి. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. సుజాత కారు చుట్టూ గుప్పెడు మిరపకాయలు తిప్పి కుంపట్లో వేసింది. అవి చిటపటలాడాయి, నల్లబడ్డాయి, పొగ మా ముఖాల మీదికే వచ్చింది. ఒక్కరూ దగ్గలేదు. నా ముక్కు పుటాలు కూడా అదరలేదు. నలుగురం నిలబడ్డాం, ముగ్గురు నన్నే చూశారు. మిరపకాయలు పాతవన్నాను. అదే సంచీలోవి ఆ మధ్యాహ్నం పోపులో వేస్తే అందరం తుమ్మాం.

అయినా నేను నమ్మలేదు. పాత కారుకి ఏ రోగాలు రావచ్చో తెలిసిన వాణ్ణి, నేను అన్నవి రావడంలో వింతేముంది? తేల్చుకుందామని, ఏ కారుకీ ఎక్కడా రాని రోగం ఒకటి ఆలోచించాను. ఫోను చేసి, "తమ్ముడూ, జాగ్రత్త, ఎడమకి తిప్పినప్పుడల్లా వైపర్లు వాటంతటవే ఆడతాయి," అన్నాను.

"అలా కూడా ఉంటుందా అన్నయ్యా?"

"ఈ మోడల్లో ఉంటుంది."

ఏ మోడల్లోనూ ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం, ఎండ ఫెళ్ళుమని కాస్తుంటే, షాపు ముందు మలుపులో కారు ఎడమకి తిరిగింది. వైపర్లు రెండూ లేచి, ఒకసారి అటూ ఇటూ ఆడి, పడుకున్నాయి. వాణ్ణి దింపేసి నేను కూర్చున్నాను. కుడికి తిప్పితే ఏమీ లేదు. ఎడమకి తిప్పితే ఆడుతున్నాయి. స్టీరింగు కింద తొడుగు విప్పి వైర్లన్నీ వేళ్ళతో తడిమాను. ఒరుసుకున్నది లేదు, కాలింది లేదు. చివరికి వైపర్ల ఫ్యూజు పీకి అరచేతిలో పెట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు ఎడమకి తిప్పాను.

ఆడాయి. ఫ్యూజు నా చేతిలో ఉంది.

తెలిసిన ఎలక్ట్రీషియన్లను అడిగాను. "ఇది ఏ టీ కొట్టు కథ?" అన్నారు.

ఆ రోజు నుంచి కారు గురించి నోరెత్తకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకోవడం వేరు. కంకిపాడులో శ్రీధర్ వాళ్ళ చుట్టాల పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకుని ఊరేగించింది ఆ కారులోనే. బంతిపూల దండలేసి, మధ్యలో శ్రీధర్ జరీ పంచె కట్టుకుని స్టీరింగు పట్టుకున్నాడు. నా బండిని షామియానా వెనక, జనరేటర్ పక్కన పెట్టించారు. వచ్చినవాళ్ళంతా కారు ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, పక్కన కూర్చున్న పెద్దాయన, "మీ తోడల్లుడిది భలే బండండీ, ఎంపిక ఎవరిదో గానీ," అన్నాడు.

ఆ ఎంపిక నాది. నోటికొచ్చేసింది. "చూడ్డానికేనండీ. ఇంకెంత, రేపో మాపో ఆగుతుంది. ఆగితే మళ్ళీ కదలదు." శ్రీధర్ విన్నాడు. నవ్వాడు, కానీ నవ్వు సగంలో ఆగింది.

పెళ్ళి ముగిసి, షామియానా విప్పుతుండగా కారు ఆగింది. మళ్ళీ కదల్లేదు.

తోసుకెళ్ళి వాడి విత్తనాల షెడ్డులో పెట్టారు. నేను సామాను తీసుకుని వెళ్ళాను. సెల్ఫ్ తిరుగుతోంది. ప్లగ్గు విప్పి చూస్తే నీలంగా నిప్పురవ్వ పడుతోంది. పెట్రోలు అందుతోంది. గాలికి అడ్డం లేదు. కంప్రెషన్ నిండుగా ఉంది. సెన్సర్లు, రిలేలు, ఎర్తు వైర్లు ఒక్కొక్కటీ షాపు నుంచి తెచ్చి మార్చాను. అన్నీ ఉన్నాయి, ఇంజను లేవదు. ఊపిరాడుతూ, నాడి కొట్టుకుంటూ కళ్ళు తెరవని రోగిలా ఉంది.

చివరికి నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట శ్రీధర్ నోట వచ్చింది. "నువ్వే తీసుకెళ్ళు అన్నయ్యా. నాకు అచ్చి రాలేదు."

నిజం చెప్తాను. నా మనసు ఎగిరి గంతేసింది. కదలకపోతేనేం, నా షాపులో ఉంటుంది, వీడి షెడ్డులో ఉండదు. తాడు కట్టి లాక్కుపోదామనే అనుకున్నాను. కానీ చూస్తుంటే వాడు భుజం మీది తువ్వాలు తీసి ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. కదలని కారు అద్దం. మూలమూలా, ఊదుతూ. రోజూ తుడుస్తాడట. నేను ఇన్నేళ్ళలో నా ఏ బండినీ అలా తుడవలేదు. అది చూసీ అసూయే కలిగింది నాకు, జాలి కాదు.

నాతో వచ్చిన వసంత పక్కనే ఉంది. చెవిలో అంది. "నోటితో ఆపారు కదా, నోటితోనే కదిలించండి. ఇన్ని అబద్ధాలాడారు, ఒక్కటైనా ఎదుటివాడికి పనికొచ్చేది ఆడలేరూ?"

అర్థమైంది. ఈ కారు బతకాలంటే నేను దాన్ని మెచ్చుకోవాలి, అదీ వాడి ముందు. మెచ్చుకుంటే అది లేస్తుంది. లేస్తే వాడిదే అవుతుంది. బానెట్ మూసి దాని మీద చెయ్యి పెట్టాను.

"తమ్ముడూ, దీనికి ఏ రోగమూ లేదు. ఇది నీ చేతికి అలవాటుపడిన బండి. నీ దగ్గరే ఉండాలి. ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుంది. పో, సెల్ఫ్ కొట్టు."

శ్రీధర్ కూర్చుని తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది. షెడ్డులో బస్తాల మీది పిచ్చుకలు ఎగిరిపోయాయి. అదే గొంతు, గవర్నరుపేట నాటి గొంతు. సుజాత చప్పట్లు కొట్టింది. వాడు కిందికి దిగి నన్ను కావలించుకుని, మళ్ళీ ఎక్కి, బందరు కాలవ గట్టు రోడ్డు మీదికి దూసుకుపోయాడు. ఎడమ మలుపు తిరిగింది. వైపర్లు ఆడలేదు. నేను నా డబ్బా కారు పక్కన నిలబడి, చప్పుడు వినపడినంతసేపూ విన్నాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మొదట్లో అమ్మవారి మీద ఒట్టేశాను, అందుకని చెప్పాలి. పై పేరా ఒక్కటే నేను కల్పించింది.

మిగతాదంతా జరిగినట్టే రాశాను. మిరపకాయలు ఘాటెక్కకపోవడం, ఫ్యూజు నా అరచేతిలో ఉండగా వైపర్లు ఆడటం, ఆ మాటలు నేను వాడి ముందు అనడం, అన్నీ నిజం. కానీ శ్రీధర్ తాళం తిప్పితే కారు లేవలేదు. మళ్ళీ మళ్ళీ తిప్పాడు. లేవలేదు. బహుశా నోరు ఒకటి అంటుంటే లోపల ఇంకోటి అనుకున్నానేమో. నాకు తెలియదు. ఎందుకు ఆగిందో కూడా తెలియదు, నాకు తెలిసిన కారణాలన్నీ అయిపోయాయి. కారు ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉంది. తాడు కట్టి తెచ్చుకోవడానికి నాకు మనసొప్పలేదు, ఉంచుకోవడానికి వాడికి మనసొప్పడం లేదు.

ఆ కారు గురించి నేనాడిన అబద్ధాలన్నీ నిజమయ్యాయి కదా, రాసినవి కూడా అవుతాయేమో చూద్దామని ఆ పేరా రాశాను. లేచినట్టు, కాలవ గట్టు మీద పోయినట్టు. ఈసారి లోపల ఇంకోటి అనుకోకుండా, పిచ్చుకలతో సహా.

రాసి తలెత్తేసరికి ఫోను మోగుతోంది. శ్రీధర్. ఎత్తాలంటే చెయ్యి రావడం లేదు. కారు లేచిందని చెప్తాడేమోనని ఒక భయం. లేవలేదంటాడేమోనని ఇంకో భయం. రెంటిలో ఏది పెద్దదో, ఒట్టేసి చెప్తున్నాను, నాకే తెలియడం లేదు.