స్తంభం కింద చదువుకున్నాయన

మా సెక్షన్ ఇంజనీరు ఎంటెక్ ప్రవేశ పరీక్షకు చదువుతూ ఏమరుపాటుగా ఉండబట్టే లైన్‌మన్ చేతులు కాలాయని ఆళ్లగడ్డలో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. ఆ అబద్ధం నాది.

కరెంటు స్తంభం కింద నిలబడి ఆయన చదివిన మాట నిజమే. కానీ పేజీ తిప్పే ప్రతిసారీ తలెత్తి, పైన పనిచేసే మనిషిని చూసేవాడు. నేను సబ్‌స్టేషన్ ఆపరేటరును. కరెంటు ఆపి నేను రాసిచ్చే లైన్ క్లియర్ కాగితం, పని ముగిశాక నా చేతికి తిరిగొస్తేనే మళ్లీ కరెంటు వేయాలి. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, మోటార్లు ఆగాయని ఒక పెద్దరైతు వచ్చి కేకలేస్తే, కాగితం రాకముందే కరెంటు వేసేశాను; స్తంభం మీదున్న లైన్‌మన్ చేతులు కాలాయి. చదువు ధ్యాసలో పని ముగిసిందనుకొని, దగ్గరి ఊళ్లోంచి ఇంజనీరే ఫోన్ చేసి వేయమన్నాడని విచారణలో చెప్పాను.

నంద్యాల ఆఫీసులో పై అధికారి ఆయనతో, "తప్పయిందని రాసియ్యప్పా. చదువుకు సెలవిస్తా" అన్నాడు.

"చేయని తప్పు రాయను సార్. సెలవు మీ కాడే పెట్టుకోండి. ఉద్యోగం వదిలైనా చదువుతా."

బయట మెట్ల మీద ఆయన్ను ఆపాను. "సార్, నాకు కొత్తగా పెండ్లయింది..."

"నాకెందుకు చెప్తాండావ్? చేతులు కాలినోడు ఆస్పత్రిలో ఉండాడు. ఆడికి పోయి చెప్పు."

ఆయన రాజీనామా చేసి ఎంటెక్‌లో చేరాడు, పూర్తి చేశాడు. నేను ఆస్పత్రికి పోలేదు.