మెత్తటి రిబ్బను

ఒకటో తరగతి టీచరమ్మ ఏ పిల్లనీ పల్లెత్తు మాట అనదు. సుద్దపొడి అంటిన వేళ్లతో బుగ్గలు పుణికి అందరినీ "బంగారం" అంటుంది. ఫ్యాను చప్పుడుకే చెవులు మూసుకుని గదంతా తిరిగే ఆటిజం పాపను మాత్రం, పాఠం మొదలుపెట్టేముందు, చేతికి రిబ్బను చుట్టి చివరి బెంచీకి కట్టేస్తుంది. "నొప్పెట్టదులే బంగారం, కాస్త కుదురొస్తుంది."

తనిఖీ అధికారి వచ్చిన రోజు గబగబా ముడి విప్పి, పాపను ముందు వరుసలో కూర్చోబెట్టింది. "అందరితో కలిపే చదివిస్తున్నామండీ. కంటికి రెప్పలా చూసుకుంటాం," అంది. ఆయన తలూపి, "సరే, పాఠం మొదలుపెట్టండమ్మా," అన్నాడు. ఆ మాట వినగానే పాప వెళ్లి రిబ్బను తెచ్చి, ఎదురుగా ఉన్న ఆయనకే ఇచ్చి చెయ్యి చాపింది. ఆటేమో అనుకుని ఆయన నవ్వుతూ కట్టాడు. పాప చివరి బెంచీ దగ్గరికి నడిచి, రెండో కొసను బెంచీ కాలికి ఆనించి పట్టుకుని, టీచరమ్మ వచ్చి ముడి వేస్తుందని కుదురుగా కూర్చుంది.