రెండో గేరు

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఈ మాట మళ్ళీ గొంతులోకి జారిపోతుంది, ఇన్నేళ్ళూ జారిపోయినట్టే. నా గుండెల మీద ఒక లోడు లారీ ఉంది. దాని కింద పడుకుని తిన్నాను, తాగాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అయ్యో పాపం అననక్కర్లేదు. వినండి చాలు.

నేను సాలూరులో లారీ మెకానిక్కుని. అరవైల చివరి మాట ఇది. అప్పటికే మా ఊళ్ళో ఏ వీధిలో చూసినా ఒక డ్రైవరో, లారీ యజమానో ఉండేవాడు. నాకు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది. చెవి మంచిదని పేరు కూడా ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన గేరుబాక్సుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేసేవాణ్ణి. ఆ పేరే కొంప ముంచింది. నా కొంప కాదు లెండి. నాకేమయింది, గుండ్రాయిలా ఉన్నాను. మునిగింది మా అప్ప కొంప.

అప్ప అంటే మా అక్క. ఆమె మొగుడు అప్పలస్వామి ఒక షావుకారు దగ్గర లారీ డ్రైవరు. చెప్పులు విప్పి లారీ ఎక్కేవాడు. బండి ఏమంటోందో అరికాలికి తెలుస్తుందనేవాడు. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరు తీసేసి, బండిని నూట్రల్లో జార్చి, మిగిలిన డీజిలు అమ్ముకునే డ్రైవర్లుండేవారు. బావ ఆ పని చెయ్యడు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, అతనికి తెలిసిన వేదం అదొక్కటే. మా ఊరి నుంచి ఒడిశా వైపు ఎక్కే సుంకి ఘాట్ మీద, మన వెనకాల బావ బండి ఉంటే నిద్రపోవచ్చు అనేవారు మిగతావాళ్ళు.

ఒకరోజు లారీ తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. వెనకాల నుంచి మూలుగు వస్తోందన్నాడు. యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసినప్పుడు మరీ ఎక్కువట. కింద దూరి చూశాను. లారీ ముందు గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా ఒక పొడుగు షాఫ్టు ఉంటుంది. దాని జాయింటు అరిగితే క్లచ్చి వదిలినప్పుడు ఠక్కుమంటుంది. అదీ ఉంది. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి డొప్పలో పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే చిన్న పినియను ఉంటాయి. దాన్ని మేం హౌసింగు అంటాం. అందులో బేరింగు పోతే మూలుగుతుంది, కాలు తీస్తే ఇంకా మూలుగుతుంది. బావ చెప్పింది అచ్చంగా అదే. వినాల్సిన చెవి నాది. విన్నానా?

షావుకారు పిసినిగొట్టు. పిల్లికి బిచ్చం పెట్టడు. ఏదో ఒక్కటే మార్చు, అది కాకపోతే రెండోది నీ జేబులోంచి పెట్టుకో, అన్నాడు అందరి ముందూ. హౌసింగు సామాను ఖరీదెక్కువ. జాయింటు చవక. నా మనసు ఎటు మొగ్గిందో చెప్పాలా? లోడుతో ఎత్తెక్కించి దింపి చూస్తే తేలిపోయేది. అంత ఓపిక లేదు నాకు. ఒకసారి స్క్రూడ్రైవరు ఆనించినట్టు చేసి, జాయింటే అని తేల్చేశాను. పదిమందీ తలలాడించారు. మార్చాను. ఠక్కు పోయింది. మూలుగు పోలేదు.

అప్పుడైనా తప్పయిందని అనొచ్చు కదా. ఎంత మాట? నోరు తెరిస్తే ఒక్క మాట. కానీ రెండోది నా జేబులోంచి పెట్టాలి, దాని కన్నా ముందు, వీడి చెవి మంచిది కాదని ఊరంతా అనుకుంటుంది. ఏది ఎక్కువ భయపెట్టిందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. డబ్బు అని చెప్పుకుంటే కొంచెం సుఖంగా ఉండేది. డబ్బు కాదు. పేరు.

మా పనిలో ఒక దొంగతనం ఉంది. పాత బండిని అమ్మేవాళ్ళు చేసేది. హౌసింగు నూనెలో సన్నటి రంపంపొట్టు కలిపితే అది చిక్కబడి చప్పుడు మింగేస్తుంది. రోగం పోదు, మూలుగు పోతుంది. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళ దగ్గర నుంచి పనసచెక్క పొట్టు ఒక సంచీడు షెడ్డులో ఉండేది, నేల మీద ఒలికిన నూనె మీద చల్లడానికి. పసుప్పచ్చగా, మెత్తగా ఉంటుంది. దాన్ని జల్లెడ పట్టి మరీ పోశాను. శ్రద్ధగా చేశాను ఆ పని. అదీ నా బతుకు.

బావ లారీని ఊరి చివరిదాకా తోలి, తిప్పుకొచ్చాడు. మొహం వెలిగిపోయింది. దిగి నా భుజం మీద చెయ్యేసి, నీ చెవికి దండం పెట్టాలిరా అన్నాడు. బండి అతనితో మాట్లాడే మాట ఒక్కటే ఒక్కటి. దాని నోట్లో గుడ్డ కుక్కి అతని చేతికిచ్చాను. టీ తాగించాడు. తాగాను.

కొన్నాళ్ళకి, ఒడిశా వైపు నుంచి వలిసెల నూనెగింజల బస్తాలు వేసుకుని ఘాట్ దిగుతుంటే లారీ అదుపు తప్పింది. మలుపులో బండరాయికి కొట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. బస్తాల మీద కూర్చున్న పోలయ్య అనే కూలీ అక్కడికక్కడే పోయాడు. బావ కాలు నుజ్జయింది. అటు వస్తున్న బస్సువాళ్ళు బావని దించుకుపోయాక, షావుకారు జీపులో నన్ను తీసుకుని వెళ్ళాడు. ఆయన రోడ్డు మీదే నిలబడి బస్తాలు ఎన్ని చిరిగాయో చూసుకుంటున్నాడు. నేను కేబిన్లోకి దూరాను.

గేరు లివరు రెండో గేరులో ఉంది.

అదీ నేను చూసింది. నాకు క్షణంలో అంతా అర్థమయింది. పొట్టు నూనెదారి మూసేసింది. బేరింగు ఎండి బిగిసింది, పినియను పళ్ళు రాలిపోయాయి. ముందు గేరు పడే ఉంది, వెనక పట్టుకునేదే లేదు. బండి బరువంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోయుంటాయి. గేరులో ఉన్న బండి ఎలా పరిగెత్తిందని ఎవడైనా అడుగుతాడు. అడిగితే హౌసింగు విప్పుతారు. విప్పితే పసుప్పచ్చ పొట్టు.

క్లచ్చి నొక్కి లివరు లాగాను. సులువుగా రాలేదు. రెండు చేతులా లాగాను. నూట్రల్లోకి వచ్చింది. తరవాత బయటకొచ్చి, షావుకారూ ఓపాలి చూడండి అని పిలిచాను.

ఆయన చూశాడు. "నూట్రల్లో దింపీసినాడు దొంగనాకొడుకు, నా డీజిలు అమ్ముకుంతన్నాడు" అని అరిచాడు. అప్పుడు కొండల్లో గిరిజనుల తిరుగుబాటు గొడవలు జరుగుతున్నాయి, పోలీసులకి క్షణం తీరికలేదు. షావుకారు చెప్పిందే రాసుకుని వెళ్ళిపోయారు. లారీని నా షెడ్డుకే లాక్కొచ్చారు. హౌసింగు ఒక్కణ్ణే విప్పాను. కిరసనాయిలుతో కడిగాను. బండి పడ్డ దెబ్బకి పళ్ళు రాలాయని చెప్పాను. నా మాట ఎవరు కాదంటారు? నా చెవి మంచిది కదా.

విజయనగరం ఆసుపత్రిలో బావ కాలు మోకాలి పైకి తీసేశారు. చూడ్డానికి వెళ్ళాను. అప్ప నీళ్ళకి బయటికెళ్ళింది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే బావా, కేబిన్లోకి ముందు నువ్వే ఎక్కినావట గదా. గేరులో ఉన్నాదా, నేదా?"

నేను రెండో చేత్తో పళ్ళ సంచీ ఒళ్ళోకి లాక్కున్నాను.

"రెండో గేరు ఏసినట్టే నాకు గేపకం. ఇప్పుడు కూడా సేతికి తెలుస్తన్నాది. కానీ గేరుంటే బండి ఆగాల గదా? ఆగనేదు. అందరూ నాను దొంగనంటన్నారు. నువ్వు సెప్పు. నువ్వు సెప్తే నమ్ముతాను."

"నూట్రల్లో ఉన్నాది బావా."

అతను తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. లివరు వేసే చెయ్యి అది. వేళ్ళు ఒకసారి ముడిచి, "అయితే ఈ సెయ్యే తప్పు సేసీసినాదన్నమాట" అన్నాడు. అప్ప నీళ్ళు పట్టుకుని వచ్చింది. నేను పళ్ళ సంచీ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

నమ్మాడండీ. నా మీద కోప్పడి, నన్ను తిట్టి, నువ్వు అబద్ధమాడుతున్నావురా అంటే ఎంత బాగుండేది! నమ్మాడు. చంకకర్ర అలవాటయ్యాక, పోలయ్య పెళ్ళాం కాళ్ళ మీద పడాలి, తోడు రా అన్నాడు. వెళ్ళాను. అతను వంగలేకపోతే నేనే రెక్క పట్టుకుని వంచాను. ఆమె బావ మొహాన ఉమ్మేసింది. తుడుచుకోలేదు. ఆ ఉమ్ము ఎవరి మొహాన పడాలో అక్కడ నాకొక్కడికే తెలుసు.

తరవాత బావ బజార్లో టీకొట్టు పెట్టుకున్నాడు. లారీలు ఆగే చోటే. కొత్త డ్రైవర్లు కూర్చుంటే వద్దన్నా చెప్పేవాడు, "ఘాట్లో గేరు తియ్యకండిరా. నాను తీసీసినాను. ఒక మనిసిని సంపీసినాను." సిగ్గుపడకుండా చెప్పేవాడు. చెయ్యని తప్పు బతికినన్నాళ్ళూ రోడ్డు మీద ఒప్పుకున్నాడు. చేసినవాణ్ణి అదే బల్ల మీద కూర్చుని టీ తాగాను. చెబుదామని నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు చెబితే ఆ మనిషికి కాలు వస్తుందా, పోలయ్య వస్తాడా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. వస్తే వచ్చేది ఒక్కటుంది, అతని చేతి మీద అతనికి నమ్మకం. అది నాకు తెలియక కాదు.

మొన్నటి వానాకాలంలో బావ పోయాడు. అప్ప ఉంది. మీ బావ బంగారంలాటోడురా, ఆ ఒక్క పూటే బుద్ధి గడ్డి తిన్నాది, అంటుంది ఇప్పటికీ. చేపల పులుసు పెడితే పిలుస్తుంది. సిగ్గులేకుండా వెళ్తాను, తింటాను. ఆమెకి చెబుతానా? ఏమో. ఈ రాసిన కాగితాలు పట్టుకుని ఆమె గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళొచ్చాను.

కానీ రాశాను. ఒక్క అక్షరం కూడా నూనెలో ముంచకుండా రాశాను. ఆసుపత్రిలో అతను అడిగిన దానికి నేను నిజమైన జవాబు చెప్పనేలేదని ఇప్పుడే అనిపిస్తోంది. అతను లేడు, మీరున్నారు. మీ ముందే చెబుతాను.

గేరులోనే ఉన్నాది బావా. రెండో గేరులో. తీసింది నా సెయ్యి.