మునిరత్నం సారు దిద్దని నోటుబుక్కు

పక్క తరగతిలో పిల్లలు ‘గో, వెంట్, గాన్’ అని గొంతు కలిపి అరుస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తిరుపతిలో ఇంగ్లీషు టీచరుగా చేరి పన్నెండేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. ఆ కేకలు గోడ దాటి వచ్చినప్పుడల్లా, నగరిలో మాకు ఎనిమిదో తరగతి ఇంగ్లీషు చెప్పిన మునిరత్నం సారు గుర్తొస్తారు. ఆయన మాచేత ఒక్కనాడూ అలా వల్లె వేయించలేదు.

రోజూ ఒకరిని లేపి, నిన్న ఇంట్లో ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పమనేవారు. నోటికొచ్చినట్టు చెప్పేవాళ్ళం. చెప్పింది చెప్పినట్టే నోటుబుక్కులో రాసుకోవాలి. ఆయన చదివి, పక్కన పెన్సిలుతో తేదీ వేసేవారు. అంతే, దిద్దేవారు కాదు. మొదట్లో అందరం దాదాపు ప్రతి మాటకూ ‘ఇంగ్’ తగిలించాం. జూన్‌లో ‘వెంట్’ అని సరిగ్గా చెప్పిన నేనే దసరా సెలవులయ్యాక ‘గో’కు ‘ఎడ్’ తగిలించి ‘గోయ్‌డ్’ అన్నాను. పక్క పిల్ల కిసుక్కున నవ్వింది. సారు ముఖం మాత్రం వెలిగిపోయింది.

“నవ్వద్దమ్మే. అప్పుడు విన్న మాట అప్పజెప్పినాది. ఇప్పుడు సొంతంగా కట్టుకుంటా ఉండాది. కొన్నాళ్ళు ఆగితే అదే సర్దుకుంటాది,” అన్నారు.

ఆ మాటకే నాకు ఇంగ్లీషంటే భయం పోయింది.

మా నాయనకు రెండు మరమగ్గాలుండేవి. నేసిన గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, లోపం ఉన్నచోట సుద్దతో గీత పెట్టేవాడు. లోపమున్నా గీత లేదంటే దాన్ని ఎవరూ చూడలేదనే ఆయన లెక్క. ఇంగ్లీషు చదవడం ఆయనకు రాదు. ఒక ఆదివారం నా నోటుబుక్కు, వేరే బడిలో చదివే పక్కింటి పిల్ల నోటుబుక్కు పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ పిల్లది నిండా ఎర్ర గీతలు. నా దాంట్లో ఒక్కటీ లేదు.

“ఏం పాపా, మీ సారు దీన్ని సూసినాడా?”

“సూసినాడు నాయనా.”

“అన్నీ రైటేనా?”

“లేదు, తప్పులుండాయి.”

“తప్పులుంటే గీత యాడ?”

మర్నాడు ఇంకో నలుగురు మగ్గాలవాళ్ళను వెంటేసుకుని బడికి వచ్చాడు.

కరస్పాండెంట్ గదిలో నన్ను నిలబెట్టారు. సారు కిటికీ పక్కన ఉన్నారు. “మీ సారు తప్పులు దిద్దతాడా, దిద్దడా? ఒక్క మాటలో సెప్పు,” అన్నాడు కరస్పాండెంట్. ఆయన ఎందుకు దిద్దరో నాకు తెలుసు. తెలిసీ, నాయన ముఖం చూసి, “దిద్దడు సార్” అన్నాను. నోటుబుక్కు తెరిచి జూన్ నాటి పేజీ, ఇప్పటి పేజీ సారే వాళ్ళకు చూపిస్తారనుకున్నాను. ఆయన నాయన వైపు తిరిగి, “పాప నిజమే సెప్పిందప్పా” అని ఊరుకున్నారు.

ఆ నెలాఖరుకే ఆయన్ను మాన్పించారు. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. మాచేత నోరు విప్పించిన మనిషి తన ఉద్యోగం కోసం ఎందుకు నోరు విప్పలేదు? అంత ఆత్మాభిమానం దేనికి? చంద్రగిరిలో ట్యూషన్లు చెప్పుకుంటూ బతికి, అక్కడే చనిపోయారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ మాట అడిగే దారి కూడా లేకుండా పోయింది.

ఆయన స్థానంలో ఎర్ర పెన్ను పట్టుకున్న కొత్త సారు వచ్చాడు. రెండు నెలలకు నా ‘గోయ్‌డ్’ దానంతటదే పోయింది, మునిరత్నం సారు చెప్పినట్టే. పేరు మాత్రం ఎర్ర పెన్నుకు దక్కింది.

ఇప్పుడు నేనూ పిల్లల్ని తప్పులు మాట్లాడనిస్తాను. నిలదీయడానికి వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ పేజీలు తిప్పి చూపిస్తాను, అవసరమైతే పోట్లాడతాను. ప్రిన్సిపాల్ దగ్గరా తగ్గను. నా నోటికి మా బడిలో అందరూ జడుస్తారు.

పోయిన నెల నగరిలో చుట్టాలింట్లో భోజనాల దగ్గర నాయన పదిమందిలో మొదలుపెట్టాడు.

“ఆ మునిరత్నం సారును తీసేయించినాకనే మా పాపకు ఇంగ్లీషు వచ్చినాది. లేకుంటే టీచరయ్యేదా? ఏం పాపా, అంతే కదా?”

ఆయనకు డెబ్బై దాటాయి. ముఖం నిండా సంతోషం. అందరూ నావైపు చూశారు.

“అంతే నాయనా,” అన్నాను.

సారు మీద, నాయన మీద ఇన్నేళ్ళు పెంచుకున్న కోపమంతా ఆ మాటతో నా మీదికే తిరిగింది. ఇంకా దిగలేదు.