తిట్టుకుంటూ తిన్న కేకు

మా పక్కింటి వదిన మొన్న మంగళవారం పొద్దున పోయింది. కోడలు గేటు దగ్గర నుంచే పిలిచింది, "ఆంటీ, జర రాండ్రి, అత్తమ్మ లేస్తలేదు" అని. వెళ్ళాను. నిద్రలోనే వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు, మోకాళ్ళు మాత్రం నొప్పిపెట్టాయి. ఈ వయసులో చావు కబురు విన్నప్పుడల్లా ఏడుస్తూ కూర్చుంటే మనిషికి ఇంకో పని ఉండదు.

మన్సూరాబాద్‌లో మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఆమెది నల్గొండ దగ్గర పల్లె, మాది కృష్ణా జిల్లా. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల తప్పులు దిద్దాను. రిటైరయ్యాక దిద్దడానికి ఆమె కేకు దొరికింది.

ఓవెన్ లేదు. పాత కుక్కర్‌కి గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున దొడ్డుప్పు పరిచి, దాని మీద గిన్నె పెట్టేది. మైదా, పెరుగు, పంచదార, నూనె, చిటికెడు తినే సోడా, యాలకులు. అంతే. ఉడికిందో లేదో కడిగిన కొత్త చీపురుపుల్ల గుచ్చి చూసేది. ప్రతి గురువారం నాలుగింటికి నేను టీ పెట్టేసరికి స్టీలు పళ్ళెంలో ముక్కలు గోడ మీదికి వచ్చేవి.

"అడుగు మాడింది వదినా. దీంతో పళ్ళు తోముకోవచ్చు."

"తోముకో. నీ నోటికి గదే కావాలె."

అన్ని తిట్లు తిని కూడా ముందు నాకే ఎందుకు పెడతావని ఒకసారి అడిగాను. "మా ఇంట్ల అందరు బాగుందంటరు, సగం ఇడిసిపెడ్తరు. నువ్వు తిట్టుకుంటనే మొత్తం తింటవ్" అంది.

నిరుడు ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. తరువాతి గురువారం ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసింది, పంచదార వేయడమే మరిచిపోయింది. పీక్కుపోయిన ఆ మొహం చూసి మొదటిసారి జాలిపడ్డాను. "బాగుంది వదినా" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "ఏందీ? బాగుందా? నిజం చెప్పు టీచరమ్మా, ఏం తప్పు చేసిన?"

చెప్పాను. అప్పుడు ఆమే చెప్పింది. జ్వరం పోతూ పోతూ నోటి రుచి పట్టుకుపోయిందట. తీపీ ఉప్పూ ఏదీ తెలియడం లేదట.

"ఇంట్ల చెప్పకు. చెప్తే కోడలు 'మీరు కూసోండి అత్తమ్మా' అంటది. మంచి పిల్లనే, ప్రేమతోనే అంటది. కానీ ఒక్కసారి కూసుంటే ఇగ నేను లేవ."

అప్పటినుంచి, కోడలు ఆఫీసు నుంచి తిరిగి రాకముందే, ఆమె పొయ్యి మీది ప్రతిదీ ముందు గోడ దగ్గరికి వచ్చింది. చెంచాడు పప్పు, అరచేతిలో రెండు చుక్కల పులుసు, గురువారమైతే కేకు పిండి. ఉప్పు చాలదు. చింతపండు పళ్ళు పులిసేలా ఉంది. పంచదార ఇంకో గుప్పెడు వెయ్యి. బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్తే రెండిళ్ళ ఉప్పు తిన్నాను. ఎండలో ఆ గోడ దాకా నడవడం నిజంగా విసుగే. "నా వంటే నాకు బరువు, నీ వంట కూడా మొయ్యాలా?" అని సణిగేదాన్ని.

"సణుగు. కానీ ముందుగాల మింగు" అనేది.

ఓసారి నాకు జలుబు చేసి రెండ్రోజులు నాలుక పనిచేయలేదు. గోడకు చెరోపక్క నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రెండ్రోజులూ వాళ్ళింట్లో అందరికీ పెరుగన్నమే.

ఏడాదిపైనే అలా లాగాం. ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె పోయిన రోజు కోడలు నా చెయ్యి పట్టుకుని, "నిన్న రాత్రికి గూడ అత్తమ్మనే వండింది ఆంటీ. చేతి రుచి ఇసుమంత మారలే" అని ఏడ్చింది. తల ఊపాను. ఇది చదివితే ఆ పిల్లకు తెలిసిపోతుంది. తెలియనీ. ఇక ఆమెను ఎవరూ కూర్చోబెట్టలేరు.

ఆ పొద్దునే, వచ్చినవాళ్ళంతా ముందుగదిలో ఉండగా, మంచినీళ్ళ కోసం వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద ఒక గిన్నె ఉంది. పెసరట్లకని రాత్రి నానబోసిన పెసలు. నీళ్ళన్నీ తాగి ఉబ్బి, మీద మూసిన పళ్ళేన్ని ఒక పక్కకు ఎత్తేశాయి.